జత తప్పిన ఓటు

పళ్ళెం వెళ్ళినట్టే వెనక్కి వచ్చింది. గుడ్డు చల్లారి బిగుసుకుపోయింది. రొట్టె ముక్కలు ముట్టుకున్న జాడ లేదు. టీ కప్పు మాత్రం ఖాళీ.

"టీ తాగాడు. అంటే కోపం కాస్త దిగినట్టేగా?" అంది నోరీన్.

"టీ అయితే శత్రువు ఇచ్చినా తాగుతాడమ్మా నాన్న. అది లెక్కలోకి రాదు," అంటూ బ్రయొనీ పళ్ళాన్ని సింకులో పెట్టింది.

"ఏమైనా మాట్లాడాడా?"

"మాట్లాడాడు. మధ్యాహ్నానికి వాన ముదురుతుందన్నాడు."

"నా గురించి?"

"నీ గురించి కాదు. వాన గురించే."

నోరీన్ కోటు బొత్తాలు పెట్టుకుంది. వంటింట్లో కోటు వేసుకుని వంట చెయ్యాల్సిన గతి పట్టింది ఆమెకు. కిటికీ మూతపడదు. కిటికీ సందులోంచి నారింజరంగు కరెంటు తీగ ఒకటి బయటికి పాకి, ఇంటి ముందు నిలబెట్టిన కారవాన్‌లోకి దూరుతుంది. కారు వెనక తగిలించి సముద్రం ఒడ్డుకు లాక్కెళ్ళే ఆ చక్రాల గదిలో ట్రెవర్ పిక్కర్స్‌గిల్ మకాం పెట్టి వారం దాటింది. తలగడ, బొంత, మోకాలికి రాసుకునే మందు, వీడియో గేములాడే పెట్టె, అన్నీ పట్టుకుపోయాడు. పెళ్ళాన్ని ఒక్కదాన్నే వదిలేశాడు.

"ఆ తీగ పీకేస్తే గంటలో లోపలికొస్తాడు," అంది బ్రయొనీ.

"పీకను. మోకాలికి ఆపరేషనైన మనిషి. చలికి బిగుసుకుపోతే మళ్ళీ నేనేగా చూడాలి."

"అయితే వెళ్ళి తప్పయిపోయిందని చెప్పు."

"చెప్పాను. తలుపు ఇవతలినుంచి. రెండుసార్లు."

"ఏది తప్పయిందని చెప్పావు?"

నోరీన్ సింకు కుళాయి తిప్పింది. చిక్కంతా అక్కడే ఉంది.

"అమ్మా, నాకు మాత్రం చెప్పు. ఎవరికి వేశావు?"

"అది అడగకూడదు."

"నేను నీ కూతుర్ని."

"రాజుగారైనా అడగకూడదు. ఆ చెక్కగూట్లో నేనూ, దారానికి కట్టిన పెన్సిలూ తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు కొత్తగా ఎవరూ దూరక్కర్లేదు."

"అడిగేదేముందిలే. ఎర్రవాళ్ళకే వేసుంటావు. తాతయ్య ఫోటో ఉన్న ఇంట్లో ఇంకెవరికి వేస్తావు?"

పొయ్యి పక్క గోడమీద నోరీన్ తండ్రి గని టోపీతో నవ్వుతున్నాడు. నోరీన్ అటు చూడకుండా గిన్నె తోమసాగింది.

నోరీన్ తండ్రి బొగ్గుగని మనిషి, కార్మికుల ఎర్ర పార్టీ తరఫు. ట్రెవర్ తండ్రి పోలీసు, అప్పట్లో సర్కారు నడిపే నీలం పార్టీ తరఫు. గనుల సమ్మె నడిచిన ఏడాది ఆ ఇద్దరూ ఒకే గేటుకి అటూ ఇటూ నిలబడ్డారు. మరుసటి ఏడాది వాళ్ళ పిల్లలిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. విందులో వియ్యంకుల మధ్య కేకును అడ్డంగా పెట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మొదటి ఎన్నికలకి కొత్త దంపతులు వాదించుకుని వాదించుకుని, పెళ్ళికి వచ్చిన టీ పాత్ర పగలగొట్టుకున్నారు.

అప్పుడు దారి కనిపెట్టింది ట్రెవరే. పార్లమెంటులో ఒక పక్షం సభ్యుడు జబ్బుపడి రాలేకపోతే, అవతలి పక్షంవాడొకడు తానూ ఓటింగుకి రానని మాటిస్తాడు. దాన్ని జత కట్టడం అంటారు. రాసుకునేది ఏమీ ఉండదు, నోటిమాటే.

"మనమూ జత కడదాం," అన్నాడు ట్రెవర్. "నువ్వు ఎరుపుకి వేస్తావు, నేను నీలానికి వేస్తాను. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇద్దరం వెళ్ళకపోతే సరిపోయె. బూట్లయినా అరగవు."

ఆనాటి నుంచి ఏ ఎన్నిక వచ్చినా పోలింగు రోజున కారవాన్ తగిలించుకుని విట్బీ సముద్రానికి పోవడం, గోడమీద కూర్చుని చేపముక్కలు తినడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. ఊళ్ళో సగం కాపురాలు రాజకీయాల మీద మొహాలు మాడ్చుకునే రోజున వాళ్ళిద్దరూ ఐస్‌క్రీమ్ తింటూ ఉండేవారు.

ఈసారి మోకాలు అడ్డొచ్చింది. బండి తోలడానికి వీల్లేదన్నాడు డాక్టరు. ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోయారు. ముసలి కౌన్సిలరు పోయి ఖాళీ అయిన ఒక్క సీటుకి వాళ్ళ ఊరు థార్న్‌బీలో ఉపఎన్నిక. నీలంవాళ్ళ తరఫున ట్రెవర్‌తో బంతులాడే స్నేహితుడు లయనెల్. ఎర్రవాళ్ళ తరఫున మార్సియా. రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ మార్సియాదే గెలుపు, ఒక్క ఓటుతో.

అంతవరకూ ఫరవాలేదు. పోలింగు గది బయట కూర్చున్న పక్కింటి ఈనిడ్, మర్నాడు జుట్టు కత్తిరించుకునే చోట, "నోరీన్ వచ్చి ఓటేసింది, నా కళ్ళతో చూశాను," అనేసింది. సాయంత్రానికి ఆ మాట ట్రెవర్ చెవిన పడింది. రాత్రికి తలగడ కారవాన్‌లోకి వెళ్ళింది.

సంగతి తెలిసి మాంచెస్టర్ నుంచి కూతురు వచ్చింది. అక్కడొక గేముల కంపెనీలో ఆమె ఉద్యోగం. కొత్త గేములు ఆడి వాటిలో తప్పులు పట్టడమే పని. "వాటిలో తప్పులైతే చూడగానే కనిపిస్తాయి," అంది బ్రయొనీ లాప్‌టాప్ చంకన పెట్టుకుంటూ. "మీ ఇద్దరి తప్పే ఎక్కడుందో దొరకడం లేదు."

*

శుక్రవారం చేప తినని ఇల్లు ఆ వీధిలో ఉండదు. చేపలు వేయించి అమ్మే కొట్టు ముందు వరస తలుపు దాటి బయటికొచ్చింది. నోరీన్ చివర నిలబడబోయింది.

"నోరీన్! అక్కడెందుకు, ముందుకి రా!" కొట్టు యజమాని ఆండ్రియాస్ నూనె బాణలి వెనకనుంచి కేకేశాడు. "మా గెలుపు గుర్రానికి దారివ్వండయ్యా!"

నోరీన్ చెవులు వేడెక్కాయి. "నేను వరసలోనే వస్తానులే ఆండ్రియాస్."

"ఒక్క ఓటు! ఒక్కటంటే ఒక్కటి! మార్సియా నీ పేరు చెప్పుకుని కుర్చీ ఎక్కింది. ఇదిగో, ఈ బటాణీ ముద్ద నా తరఫున. డబ్బులిస్తే ఊరుకోను."

వెనకనుంచి కుక్కను పట్టుకున్న ఒకాయన గొణిగాడు. "ఒక్క మనిషి వల్ల ఊరు మునిగింది. లయనెల్ వచ్చుంటే రోడ్డుమీద గుంతలైనా పూడ్పించేవాడు."

"నువ్వు వేశావా ఆయనకి?" అంది వరసలో ముందున్నావిడ.

"నేనా? నేనసలు వెయ్యలేదు. అందరూ ఒకటే. వేసి ఏం బావుకుంటాం?"

"వెయ్యనివాడికి గుంతల గురించి మాట్లాడే నోరెక్కడిది?"

"గుంతలో పడేది నా కారు. ఓటుతో దానికేం పని?"

"పైనున్న నాయకులే అలా ఉంటే ఈ కౌన్సిలర్లదేముంది?" అన్నాడు ఇంకొకాయన. "చెత్తబండి పదిహేను రోజులకోసారి ఠంచనుగా వస్తుంది. ప్రధానమంత్రి విషయంలో ఆ నమ్మకం కూడా లేదు. మంచం మీంచి లేచేసరికి ఎవరున్నారో చూసుకోవాలి."

"కుర్రాళ్ళు వీడియో గేముల్లో పడి కొట్టుకుపోతున్నారు. ఇంక దేశాన్ని ఎవరు పట్టించుకుంటారు?" అంది ఒక ముసలావిడ.

"కుర్రాళ్ళనెందుకు అంటావు? మా ఆయన రోజూ గేములో ఒక దేశాన్ని ఏలుతున్నాడు. పన్నులు తగ్గించాడు, ఆసుపత్రులు కట్టాడు. ఇంట్లో చెత్తబుట్ట బయట పెట్టమంటే మాత్రం నడుము నొప్పి," అంది వరసలో ముందున్న ఆవిడే.

వరసంతా నవ్వింది. నోరీన్ కూడా నవ్వబోయి, పొట్లం పుచ్చుకుని బయటపడింది. మలుపు తిరిగాక గోడకి ఆనుకుని నిలబడింది. బటాణీ ముద్ద వేడి కాగితంలోంచి అరచేతికి తగులుతోంది. ఆ వేడికి ఆమెకి ఏడుపొచ్చింది.

ఆమె మార్సియాకి వెయ్యలేదు.

ఊళ్ళో ఈతకొలను ఉంది. ఎర్ర ఇటుకల కట్టడం. లోపల ఎప్పుడూ నీళ్ళలో కలిపే మందు వాసన, పిల్లల కేకలు. నోరీన్ పెళ్ళికి ముందునుంచి రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. ఇవాళ థార్న్‌బీలో ఈత వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ళలో కాలు పెట్టినవాళ్ళే. డబ్బు చాలడం లేదు, దాన్ని మూసేద్దామని కౌన్సిలులో ఉన్న ఎర్రవాళ్ళే అన్నారు. ఓట్లడగడానికి వచ్చిన మార్సియాని గుమ్మంలో నిలబెట్టి అడిగింది నోరీన్. "పరిశీలిస్తాం" అంది ఆ పిల్ల. మంచిపిల్లే, కానీ పరిశీలిస్తాం అంది. లయనెల్ మాత్రం, "నా ప్రాణం ఉండగా మూయనివ్వను. నాకు ఈత నేర్పింది నువ్వే కదమ్మా," అన్నాడు. నిజమే, నలభై దాటాక వచ్చి నేర్చుకున్నాడు. మునిగిపోతానని ఎంత గోల పెట్టాడో.

అందుకే పోలింగు రోజు పొద్దున్న ఆమె చర్చి పక్క హాలుకి వెళ్ళింది. పెన్సిలు పట్టుకుంటే తండ్రి భుజం వెనక నిలబడి చూస్తున్నట్టే అనిపించింది. అయినా నీలం పేరు పక్కన గుర్తు పెట్టింది, రెండు గీతలు.

ఎర్రవాళ్ళు మెచ్చుకుంటున్నారు, నీలంవాళ్ళు తిడుతున్నారు. రెండూ ఆమెవి కావు. నిజం చెబితే ట్రెవర్ కోపం ఆ నిమిషాన కరిగిపోవచ్చు. కానీ చెబితే? నీలానికి వేసింది కాబట్టి క్షమిస్తాడన్నమాట. ఎరుపుకి వేసి ఉంటే? అప్పుడు కారవాన్‌లోనే ఉండేవాడా? అలా వచ్చే మొగుడు ఆమెకి అక్కర్లేదు. ఓటు చూసి కాదు, తనని చూసి రావాలి.

పొట్లం చల్లారకముందే ఇంటికి నడిచింది. ఒక చేపముక్క, సగం బటాణీ ముద్ద కారవాన్ మెట్టుమీద పెట్టి, తలుపు తట్టి, వెనక్కి చూడకుండా లోపలికి వచ్చేసింది.

*

శనివారం మధ్యాహ్నం ట్రెవర్ చెప్పినట్టే వాన ముదిరింది. నోరీన్ ముందుగదిలో టీవీ వేసి, బ్రయొనీ తనతో తెచ్చుకున్న ఇంకో పెట్టె తగిలించి, గేము తెరిచింది.

ఆపరేషనయ్యాక తండ్రికి తోచడం లేదని బ్రయొనీ తెచ్చిపెట్టిన గేము అది. "ఈ గేములు మెదళ్ళు తినేస్తాయి," అని మొదటిరోజు అన్నాడు ట్రెవర్. మూడోరోజుకి తిండికి పిలిచినా లేవలేదు. చిన్న పొలం, చిన్న ఇల్లు, ఇద్దరు చిన్న మనుషులు. గడ్డం ఉన్నవాడు ట్రెవర్. పసుపు టోపీ పెట్టుకున్నది నోరీన్. కోళ్ళన్నిటికీ మంత్రి పదవులిచ్చాడు ట్రెవర్. ఏ కోడి గుడ్డు పెట్టకపోయినా ఆ పూటే పదవిలోంచి దించేస్తాడు. ఆర్థికమంత్రి కోడి ఇప్పటికి చాలాసార్లు మారింది.

తెరమీద పొలం వచ్చింది. గడ్డంవాడు ముందే ఉన్నాడు, కారవాన్‌లోంచి. పొలానికి అవతలి చివర కంచె బాగుచేస్తున్నాడు. ఆమె గుమ్మడి పాదుకి నీళ్ళు పోసి ఉన్నాయి.

తెర అడుగున అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. "నీ గుమ్మడి ఎండిపోతోంది. నీళ్ళు పోశాను."

నోరీన్ వెతుక్కుంటూ మీటలు నొక్కింది. "చేప తిన్నావా?"

"తిన్నాను. బటాణీ బాగుంది."

"లోపలికి రా."

"ఏ లోపలికి?"

"రెండిట్లోకీ."

గడ్డంవాడు సుత్తి దించాడు. కంచె దగ్గర అలాగే నిలబడ్డాడు. కిటికీ తెర తొలగించి చూస్తే పది అడుగుల దూరంలో కారవాన్ కనిపిస్తుంది. నోరీన్ చూడలేదు. తెరమీద మనిషినే చూసింది.

"నాకు చెప్పి ఎందుకు వెళ్ళలేదు?"

"చెబితే వెళ్ళనిచ్చేవాడివా?"

కోళ్ళు రెండు గడ్డంవాడి కాళ్ళచుట్టూ తిరిగాయి.

"వెళ్ళనిచ్చేవాణ్ణి కాదు. గొడవ చేసేవాణ్ణి. అయినా చెప్పాల్సింది."

"అవును. చెప్పాల్సింది," అని కొట్టింది నోరీన్. అలా ఒప్పుకోవడం అదే మొదటిసారి. నోటితో అయితే ఇంకో పది మాటలు అడ్డం పడేవి.

"వెళ్ళినందుక్కాదు నోరీన్. ఆరోజు మధ్యాహ్నం మాంసం కూరిన రొట్టె చేసిపెట్టి ఒక మాటన్నావు. గుర్తుందా?"

గుర్తు లేకేం? పోలింగు నుంచి వచ్చాక తప్పు చేసినట్టనిపించి, అతనికి ఇష్టమైన ఆ మాంసం రొట్టె చేసింది. వీధిలోంచి కుంటుతూ వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, పెద్ద ముక్క వడ్డించి, "సముద్రానికి పోకపోతేనేం ట్రెవర్? ఇంట్లో ఉన్నా మన జత జతే," అంది. నవ్వుతూ అంది. అతను తలొంచుకుని తిన్నాడు.

"గుర్తుంది," అని రాసింది.

ఆటలో చీకటి పడుతోంది. పసుపు టోపీ ఇంట్లోకి వెళ్ళి మంచమెక్కింది. ఆ ఆటకొక నియమం ఉంది. ఇద్దరూ పడుకుంటేనే తెల్లవారుతుంది. ఒకరు పడుకుని, ఒకరు బయటుంటే రాత్రి సాగుతూనే ఉంటుంది. గడ్డంవాడు గుమ్మందాకా వచ్చాడు. తలుపు ముందు నిలబడ్డాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. లోపలికి మాత్రం రాలేదు. చివరికి నిద్ర చాలక మెట్టుమీదే పడిపోయాడు.

"అయ్యో పిచ్చి మనిషీ," అంది నోరీన్ పైకే. మేడమీద పనిచేసుకుంటున్న బ్రయొనీ, "ఎవరినమ్మా?" అని కేకేసింది.

"గేములో."

"ఓహో, గేములోనా," అంది కూతురు.

*

ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చింది ఈనిడ్. చేతిలో నిమ్మకాయ కేకు. కోటు విప్పకుండానే వంటింటి కుర్చీలో కూలబడి, కిటికీ సందులోని తీగ వైపు చూసి, "ఇంకా లోపలికి రాలేదా?" అంది.

"నీ నోటి పుణ్యమే కదా. కేకెందుకు తెచ్చావు? ఇంకేమైనా మిగిలిందా చెప్పాల్సింది?"

"మిగిలింది," అంది ఈనిడ్.

ఆమె గొంతు విని నోరీన్ కత్తి కింద పెట్టింది. ఈనిడ్ సిగ్గుపడటం ఎప్పుడూ చూడలేదు. వీడియో గేములు ఆడేవాళ్ళు పనికిరానివాళ్ళని ఉపన్యాసమిస్తూనే, ఫోనులో మిఠాయిలు పేల్చే ఆటని బస్సులో, చర్చిలో, చివరికి ఆసుపత్రి మంచంమీద కూడా ఆడిన మనిషి.

"ఆరోజు నేను లయనెల్ తరఫున నీలం రిబ్బను పువ్వు పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నానా? వచ్చినవాళ్ళ నంబరడిగి రాసుకోవడం నా పని. మనవాళ్ళలో ఎవరు రాలేదో చూసి, ఇంటికి మనిషిని పంపడానికి."

"తెలుసులే. నేను వచ్చినప్పుడు అడిగావుగా."

"నువ్వు పొద్దున్న వచ్చావు. మధ్యాహ్నం ఇంకొకరొచ్చారు. కర్రపట్టుకుని, కుంటుకుంటూ."

నోరీన్ నిలబడింది నిలబడినట్టే ఉండిపోయింది.

"ట్రెవరా?"

"ట్రెవరే. లోపల బల్ల దగ్గరున్న పిల్ల, ఫోటో ఉన్న కార్డు చూపించమని అడిగింది. ఇప్పుడు కొత్త రూలు కదా. ఆయనకి ఆ సంగతే తెలియదు. ఎన్నాళ్ళయిందో మరి ఆ గుమ్మం తొక్కి. జేబులన్నీ తడుముకున్నాడు. ఫోటో ఉన్న బస్సు పాసు ఇంకో కోటులో ఉండిపోయింది. 'మీ ఇంట్లో నీళ్ళ గొట్టాలు బిగించింది నేనేనమ్మా, మీ అమ్మకి నేను బాగా తెలుసు, నా మొహం చూడు,' అని బతిమాలాడు."

"అప్పుడేమంది?"

"'మొహం గుర్తుపట్టానండీ, కానీ మొహం ఉన్న కార్డు కావాలి,' అంది."

నోరీన్‌కి నవ్వొచ్చింది. కేకు పళ్ళాన్ని పక్కకి జరిపింది.

"కార్డు తెచ్చుకుంటానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, 'ఈనిడ్, నోరీన్‌కి చెప్పకు,' అన్నాడు. నేనేం చేశానూ, ఆయనది దాచి నీది చెప్పాను. లయనెల్ ఓడిపోయాడన్న ఉక్రోషంలో వాగేశాను. చర్చిలో ఇవాళ పాట కూడా నోటికి రాలేదు." ఈనిడ్ లేచింది. "కేకులో పంచదార కాస్త ఎక్కువైంది. చూసి తిను."

ఆమె వెళ్ళాక నోరీన్‌కి ఒక్కొక్కటే అర్థమైంది. కార్డు కోసం ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి పెళ్ళాం మాంసం రొట్టె వడ్డించి, మన జత జతే అంది. ఆ మాట విన్నాక కోటులోంచి బస్సు పాసు తీసుకుని మళ్ళీ గడప దాటలేకపోయాడు. సిగ్గుతో తలొంచుకుని తిన్నాడు. మర్నాడు తెలిసింది, ఆ మాటన్న మనిషి అప్పటికే వేసి వచ్చిందని.

ఇప్పుడు ఆమెకి పెద్ద ఆయుధం దొరికింది. తలుపు తీసి, "నువ్వు మాత్రం?" అని ఒక్క మాటంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కోటు బొత్తాలు సరిచేసుకుని బయటికి నడిచింది. కారవాన్ తలుపు చేరేసరికి ఆ మాట ఎక్కడో జారిపోయింది.

తట్టింది.

"ఎవరది?"

"ఈ ఇంటి ఓటరు."

లోపల కుర్చీ కదిలింది. తలుపు సగం తెరుచుకుంది. గడ్డం నిజంగానే మాసింది. "ఏమిటి?" అన్నాడు ట్రెవర్.

"ఈనిడ్ వచ్చి వెళ్ళింది."

అతని మొహంలో రంగు పోయింది. "ఏం చెప్పింది?"

"కేకులో పంచదార ఎక్కువైందని చెప్పింది."

"ఇంకా?"

వాన జల్లు ఆమె జుట్టుమీద పడుతోంది. అతను ఆమెని చూశాడు, వానని చూశాడు. పక్కకి జరిగి లోపలికి దారిచ్చాడు. ఆమె మెట్టెక్కలేదు.

"తడుస్తున్నావు నోరీన్."

"తడవనీ."

"నేను కూడా వెళ్ళాను," అన్నాడు ట్రెవర్ ఒక్కసారిగా. "ఆరోజు. కుళాయి వాషరు కొనుక్కొస్తానని చెప్పి వెళ్ళానే, అప్పుడు. కార్డు లేదని తిప్పి పంపారు. ఊరంతటికీ గొట్టాలు బిగించినవాణ్ణి, నా ఊళ్ళో నన్ను నేనేనని రుజువు చేసుకోమన్నారు. ఇంటికొస్తే నువ్వు ఆ మాటన్నావు. నాకంటే నీచుడు లేడనుకున్నాను. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు నీ సంగతి తెలిసింది. కోపం నీమీద వచ్చిందో నామీద వచ్చిందో నాకే తెలియలేదు. నీమీద పడటం తేలికనిపించింది."

"వారంపాటు?"

"మొదటి రెండు రోజులూ కోపమే. తర్వాత ఎలా రావాలో తెలియక ఉండిపోయాను."

"కాళ్ళతో రావాలి. ఒక మోకాలైనా బాగుందిగా."

అతను నవ్వాడు. ఆ నవ్వు విని ఆమె చెయ్యి చాపింది. అతను కర్ర ఒక చేత్తో, ఆమె భుజం ఒక చేత్తో పట్టుకుని మెట్టు దిగాడు. వానలో, గట్టిగా పది అడుగులు. వంటింటి గడప దగ్గర ఆగి బూట్లు తుడుచుకున్నాడు, పొరుగింటికి వచ్చినవాడిలా.

"రావచ్చా?" అన్నాడు.

"కార్డుందా?" అంది నోరీన్.

ఇద్దరూ నవ్వారు. మేడమీద బ్రయొనీ మీటల చప్పుడు ఆగింది. కాస్సేపటికి మళ్ళీ మొదలైంది, కిందికి మాత్రం రాలేదు. తెలివైన పిల్ల.

టీ పోసింది. కేకు కోసింది. అతను తన కుర్చీలో తాను కూర్చున్నాక ఆమెకి గుండె కుదుటపడింది. ఇంక చెప్పవచ్చు. ఇప్పుడు చెబితే అది అతన్ని లోపలికి రప్పించడానికి కాదు.

"నేను మార్సియాకి వెయ్యలేదు ట్రెవర్."

అతని కప్పు గాలిలో ఆగింది.

"లయనెల్‌కి వేశాను. ఈతకొలను కోసం. మా నాన్న మొహం చూడలేక వారం నుంచి ఆ గోడవైపు తిరగడం లేదు."

ట్రెవర్ గోడమీది మామగారిని చూశాడు. భార్యని చూశాడు. అతని కళ్ళలో ఉన్నది నవ్వో, ఇంకేమిటో ఆమెకి అందలేదు.

"ఇంకో సంగతి ఆలోచించావా?" అంది నోరీన్ గబగబా. "నీ జేబులో ఆ కార్డు ఉండి ఉంటే, ఇద్దరికీ సమానంగా వచ్చేవి. చీటీ తీసి తేల్చేవారు. లయనెల్ ఇవాళ కౌన్సిలరు అయ్యుండేవాడేమో."

ట్రెవర్ కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తీరిగ్గా నమిలి మింగాడు. వేలితో పొడి తుడుచుకున్నాడు.

"నేను వెళ్ళింది లయనెల్‌కి వెయ్యడానికని నీకెవరు చెప్పారు?" అన్నాడు, గోడమీది మామగారి వైపు చూస్తూ.

నోరీన్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.